వాలీబాల్ మ్యాచి, తాటికల్లు: రెండూ ఒకే పూటకి కుదరాలంటే

బీరు సీసా మూత తీసేదాకా ఎలా ఉన్నది అలాగే ఉంటుంది. తాటికల్లుకి ఆ ఓపిక లేదు. చెట్టు దిగిన దగ్గర్నుంచి గంటగంటకీ మారిపోతుంది. పొద్దున్న ఏడింటికి తియ్యగా, చల్లగా గొంతులో జారినది మధ్యాహ్నానికి ఘాటెక్కుతుంది, మర్నాటికి పులిసిపోయి నోట పెట్టలేం. ఆటకీ దాని టైము దానికుంది. ఫైనల్ నాలుగింటికని మైకులో అరుస్తారు, ఆరింటికి మొదలవుతుంది. ఈ రెండు టైములూ కలిసిన రోజున కల్లు రుచీ తెలుస్తుంది, ఆటా గుర్తుంటుంది. కలవని రోజున పుల్లటి కల్లు తాగి, మూడో సెట్టులో కునుకు తీసి, ఎవరు గెలిచారో పక్కవాణ్ణి అడగాల్సి వస్తుంది.

ఇది 21 ఏళ్ళు దాటినవాళ్ళ కోసం రాసినది. ఆంధ్రప్రదేశ్‌లో మద్యానికి చట్టం పెట్టిన వయసు అదే.

ఏ కాలానికి ఏ కల్లు

మన వైపు లెక్క తేలిక. సంక్రాంతికి ఈతకల్లు, ఉగాదికి తాటికల్లు. శ్రీకాకుళం జిల్లాలో రణస్థలం, లావేరు, ఎచ్చెర్ల మండలాల్లోనూ, విజయనగరం జిల్లాలో పూసపాటిరేగ, భోగాపురం వైపూ పొలంగట్ల మీద తాళ్ళు (తాటిచెట్లు) వరసకట్టి కనిపిస్తాయి. సీతంపేట కొండల వైపు వెళితే జీలుగుకల్లు దొరుకుతుంది. అది ఇంకా చిక్కన, దాని సంగతి వేరే చెప్పుకోవాలి. వాలీబాల్ పోటీలు సంక్రాంతి వారంలో ఒకసారి, వేసవి సెలవుల్లో ఊరి పండగలప్పుడు ఇంకోసారి జోరుగా జరుగుతాయి. తాటికల్లుకి కుదిరేది రెండోది.

దసరా వెళ్ళాక విజయనగరం సిరిమానోత్సవం నాటికి తాళ్ళు చాలావరకు కల్లు ఆపేసి ఉంటాయి. ఆ రోజుల్లో ఎవరైనా క్యాన్లకొద్దీ తాటికల్లు అమ్ముతుంటే ఎక్కణ్ణించి వచ్చిందని అడగండి. సరైన జవాబు రాకపోతే ఆ రోజుకి గోళీసోడా తాగి ఊరుకోవడం మంచిది.

కుండలో ఏం జరుగుతుంది

గీత కార్మికుడు తాటి పూగెల కొనని పొద్దునా సాయంత్రం పల్చగా కోసి కింద కుండ కడతాడు. కారిన రసంలో నూటికి పది పన్నెండు పాళ్ళు చక్కెర. కోసిన వెంటనే అది నీరా, మత్తు ఉండదు. గాల్లోనూ పాత కుండ గోడల్లోనూ ఉండే ఈస్ట్ ఆ చక్కెరని ఆల్కహాలుగా, బొగ్గుపులుసు గాలిగా మారుస్తుంది. నురగ వచ్చేది ఆ గాలివల్లే. కొన్ని గంటల్లో ఆల్కహాలు సుమారు 4 నుంచి 5 శాతానికి, అంటే మామూలు బీరు దగ్గరకి చేరుతుంది. ఆ తర్వాత బాక్టీరియా ఆల్కహాలుని పులుపుగా మార్చడం మొదలెడుతుంది. పులుపు ముదిరిందంటే ఇక వెనక్కి తిప్పే ఉపాయం లేదు. చక్కెర కలిపి కప్పిపుచ్చాలని చూస్తే మళ్ళీ పొంగుతుంది, అంతే.

కుండ లోపల సున్నం పూస్తే ఈస్ట్ నెమ్మదిస్తుంది, రసం తీపిగా నిలుస్తుంది. సున్నం ఎక్కువైతే నాలిక మీద చురచురమని తగులుతుంది, అడుగున తెల్లటి మడ్డి పేరుకుంటుంది. అందుకే కుండని ఊపకూడదు. పైనుంచి నెమ్మదిగా వంచుకుని అడుగున ఓ వేలు మందం వదిలెయ్యాలి.

చాలామంది తారుమారు చేసే విషయం ఇంకోటుంది. పొద్దున్న దింపిన కుండ రాత్రంతా చల్లదనంలో నిండినది, అందుకే తేలిక. సాయంత్రం దింపినది పగటి ఎండలో నిండుతూనే పులిసినది. చెట్టు దిగేసరికే దానికి ఘాటుంటుంది. ‘సాయంత్రం కల్లు తాజాది కదా, ఏమీ చెయ్యదు’ అనుకుని గబగబా తాగినవాళ్ళే ముందు కూలబడేది.

మ్యాచికి ముందు: కల్లు కొనడం

చెట్టుకిందే కొనండి. వీలైతే ముందు రోజే చెప్పి పెట్టుకోండి, ఎందుకంటే టోర్నమెంటు రోజున కుండలు దిగకముందే మాట అయిపోయి ఉంటాయి. గీత సొసైటీకో, చెట్టు పేరున లైసెన్సున్న గీత కార్మికుడికో అమ్మే హక్కుంటుంది. వాళ్ళ దగ్గరే తీసుకోవాలి.

అడగాల్సినవి మూడే ముక్కలు. ‘తాతా, ఇది రాత్రి పడినదా, పగలు పడినదా? సున్నం రాశావా? కుండమీద ఏదైనా కప్పావా?’ మూడో ప్రశ్న చాదస్తం కాదు. గబ్బిలాలు రాత్రిపూట రసం నాకడానికి వస్తాయి. బంగ్లాదేశ్‌లో పచ్చి ఈతరసం తాగినవాళ్ళకి నిపా వైరస్ సోకింది ఈ దారిలోనే. కుండమూతికి వలో, వెదురుతడికో, గోనెగుడ్డో కట్టే మనిషిని వెతికి పట్టుకుంటే ఏటా ఆయన దగ్గరే కొనుక్కోవచ్చు. చీమా తేనెటీగా పడ్డాయని మాత్రం బెంగ వద్దు. తియ్యటి కుండలో అవి పడతాయి, వడకట్టుకుంటే పోతాయి.

దుకాణంలో, బస్టాండు వెనక, ఎక్కణ్ణించి వచ్చిందో తెలియని డ్రమ్ములోది వద్దు. కల్తీ కల్లులో క్లోరల్ హైడ్రేటూ, అల్ప్రాజోలం, డయాజెపాం లాంటి నిద్రమందులూ కలిపి దొరికిన కేసులు తెలుగునాట చాలానే ఉన్నాయి. తీపి కోసం శాకరిన్ వేస్తారు. మింగిన తర్వాత కూడా నాలిక మీద తీపి వదలకుండా వెనకాల చేదు తగిలితే శాకరిన్ అనుకోవచ్చు. ఒక గ్లాసుకే కళ్ళు మూతపడుతున్నా, మాట తడబడుతున్నా అది కల్లు పని కాదు. గ్లాసు పక్కన పెట్టెయ్యండి, ఆ మనిషిని ఒంటరిగా వదలకండి, ఊపిరి మందగిస్తే 108కి ఫోన్ చెయ్యండి. నిద్రమందుని నాలికతో కచ్చితంగా పట్టే పద్ధతి లేదు. అందుకే ఈ చెట్టుకింద కొనే నియమం.

మంచి తాటికల్లు పాలు కలిపిన బియ్యం కడుగులా తెల్లగా ఉంటుంది. గ్లాసులో పోస్తే సన్నటి నురగ లేచి, నిమిషంలోపు అణుగుతుంది. నురగే లేకపోతే ఇంకా నీరా దశలో ఉన్నట్టు, లేదా నీళ్ళు కలిపినట్టు. ముక్కుకి వెనిగర్ ఘాటు ముందుగా తగిలితే ఆలస్యమైపోయినట్టు.

ఎంత కొనాలి

లెక్క ఇలా చూడండి. అరలీటరు కల్లులో, 4.5 శాతం అనుకుంటే, దాదాపు 18 గ్రాముల ఆల్కహాలుంటుంది. మనిషి కాలేయం గంటకి ఏడు నుంచి పది గ్రాములు మాత్రమే కరిగిస్తుంది. అంటే అరలీటరు దిగడానికి రెండు గంటలు. దీన్నిబట్టి గంటకి పావు లీటరు కంటే ఎక్కువ పుచ్చుకోకూడదు. సెమీఫైనల్, ఫైనల్ కలిపి మూడు గంటలైతే మనిషికి ముప్పావు లీటరు. నలుగురికి మూడు లీటర్లు, అంతే. ‘ఇంకో రెండు లీటర్లు ఉంటే మంచిదిరా’ అనేవాడు ప్రతి జట్టులో ఒకడుంటాడు. డబ్బులు వాడి చేతికివ్వకండి.

కల్లెంతో మంచినీళ్ళూ అంత పెట్టుకోండి. ఏప్రిల్ ఎండలో మనిషికి లీటరు నీళ్ళు తప్పనిసరి. ఆల్కహాలు ఒంట్లో నీటిని బయటికి తోస్తుంది, ఎండ ఎలాగూ తోస్తూనే ఉంటుంది. మర్నాటి తలనొప్పిలో ఈ దాహానికీ పాలుంటుంది.

మోసుకెళ్ళడంలో జరిగే పొరపాట్లు

మూత బిగించిన ప్లాస్టిక్ సీసాలో పోసి బండి డిక్కీలో పెట్టడం మొదటి తప్పు. లోపల గాలి తయారవుతూనే ఉంటుంది, దారిలో గతుకు తగిలితే మూత ఎగిరి బట్టలన్నీ కంపు. థర్మోస్ ఫ్లాస్కు ఇంకా ప్రమాదం, గాలి పోయే సందే ఉండదు కాబట్టి. సీసానైనా క్యానునైనా ముప్పావు వంతే నింపండి. మూత సగం తిప్పి వదిలేయండి, లేదా మూతికి పల్చటి గుడ్డకట్టి నిలబెట్టి తీసుకెళ్ళండి.

అల్యూమినియం గిన్నెలూ, కళాయి లేని రాగి, ఇత్తడి చెంబులూ పనికిరావు. పులుపు లోహాన్ని తింటుంది, రుచిలో తుప్పువాసన దిగుతుంది. స్టీలు క్యాను, గాజుసీసా, మట్టికుండ మంచివి. అన్నిటికంటే మట్టికుండ మేలు. చుట్టూ తడిగోనె చుట్టి నీడలో పెడితే గంటన్నర రెండు గంటలు చల్లగా ఉంచుతుంది, పులియడమూ నెమ్మదిస్తుంది. ఐసుపెట్టె ఉంటే ఐసు కుండ చుట్టూ పెట్టండి, కల్లులో వెయ్యొద్దు. కరిగాక మిగిలేది నీళ్ళ కల్లే.

వడకట్టడానికి పాత పంచె ముక్క రెండు మడతలు చాలు. సబ్బుతో ఉతికినది కాక, వేణ్ణీళ్ళలో ఉడికించి ఎండబెట్టినది. సర్ఫు వాసన అంటిన గుడ్డ కుండంతా పాడుచేస్తుంది. గ్లాసులకి బదులు తాటాకు డొప్పలు అడిగితే గీసేవాళ్ళే మడిచిస్తారు. పచ్చాకు వాసన కల్లుకి భలే నప్పుతుంది. ప్లాస్టిక్ గ్లాసులు తోపులో వదిలే బెడదా ఉండదు.

నంజుకోడానికి

ముందు కడుపు నింపుకోండి. పొద్దుటి మ్యాచైతే చోడంబలో (రాగి అంబలి), ఉల్లిపాయతో చద్దన్నమో తిని బయల్దేరండి. ఖాళీ కడుపులో ఆల్కహాలు తొందరగా రక్తంలోకి ఎక్కుతుంది. తిండి ఉంటే ఆగి ఆగి ఎక్కుతుంది.

ఉలవ గుగ్గిళ్ళు దీనికి పుట్టినవే. పావుకిలో ఉలవలు రాత్రి నానబెట్టి, పొద్దున్న నీళ్ళు పోసి కుక్కరులో ఆరేడు విజిల్స్ రానివ్వండి. నీళ్ళు వంచి చారుకి దాచుకోండి. రెండు చెంచాల నూనెలో ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు వేగాక గుగ్గిళ్ళు, ఉప్పు వేసి తడి ఆరేదాకా తిప్పండి. తడి మిగిలితే రెండు గంటల్లో జిగురొచ్చేస్తాయి, అదే అసలు పొరపాటు. ఉల్లిపాయ, పచ్చిమిర్చి అక్కడికి వెళ్ళాకే కోసి కలపాలి. నలుగురికి ఇది సరిపోతుంది.

ఎండు మెత్తళ్ళు (చిన్న ఎండుచేపలు) కావాలంటే వంద గ్రాములు చాలు. తలలు తుంచి, నూనె లేకుండా పెనం మీద రెండు నిమిషాలు వేయించి, వేణ్ణీళ్ళలో రెండుసార్లు కడిగి పిండండి. అప్పుడు నూనెలో కారం, పసుపుతో కరకరలాడేదాకా వేయించండి. కడగకపోతే ఉప్పు కాటేస్తుంది. ఉప్పు తిన్న నోటికి దాహం, దాహానికి ఇంకో డొప్ప, అలా లెక్క తప్పుతుంది. కల్లుతో ఉప్పు చిరుతిళ్ళు తగ్గించమనేది అందుకే. ఆ మాటకొస్తే పలాస జీడిపప్పు ఉప్పెయ్యకుండా సన్నసెగమీద వేయించి తీసుకెళితే దానంత సుఖం లేదు, ధర ఒక్కటే అడ్డం.

పచ్చిమామిడి ముక్కలు ఉప్పూ కారంతో తీపి కల్లుకి బాగుంటాయి, పులిసిన కల్లుకి మాత్రం వద్దు. పులుపుమీద పులుపు పడితే కడుపులో మంట. ముంజెలు పక్కన పెట్టుకుంటే ఒకటే చెట్టు జాతి, రెండు రుచులు.

ఏ ఆటకి ఎలా తాగాలి

కబడ్డీకి కల్లు సరిపడదు. ఇరవై నిమిషాల చొప్పున రెండు సగాలు, రైడు ముప్పై సెకన్లు. డొప్ప నోటి దగ్గర పెట్టేలోపు నలుగురు అవుటవుతారు. టెన్నిస్ బాల్ క్రికెట్ ఫర్వాలేదు కానీ బంతి ఎటు వస్తుందో తెలీదు, కుండలు పగిలిన దాఖలాలున్నాయి. వాలీబాల్‌ది సరైన నడక. 25 పాయింట్ల సెట్టు, సెట్టుకీ సెట్టుకీ మధ్య విరామం, అయిదో సెట్టుకి వెళితే 15 పాయింట్లు. ర్యాలీ నడిచినంతసేపూ చూపు బంతి మీద, విరామంలో డొప్ప మీద. సగం డొప్ప మొదటి సెట్టుకి, మిగతా సగం రెండోదానికి అన్నట్టు సాగదీస్తే గంటకి పావు లీటరు లెక్క దానంతట అదే కుదురుతుంది.

మ్యాచి జిల్లా పరిషత్ హైస్కూలు గ్రౌండులో ఉంటే కల్లు ఆ ఆవరణలోకి తేకూడదు, స్టేడియం లోపలికీ అంతే. శ్రీకాకుళం కోడి రామమూర్తి స్టేడియంలోనో, విజయనగరం విజ్జీ స్టేడియంలోనో ఆట చూసేటప్పుడు నీళ్ళసీసా చాలు. రోడ్డు పక్కనా, చెరువుగట్టునా నలుగురి మధ్య తాగితే పోలీసులకి పట్టుకునే హక్కుంది. అందుకని తాగడం తాటితోపు దగ్గర, కల్లు అమ్మడానికి అనుమతి ఉన్న చోటే పెట్టుకోండి. అదృష్టం బాగుండి, పెసలూ మినుములూ చల్లకుండా వదిలేసిన మెట్టపొలంలో నెట్టు కట్టి, గట్టు మీదే గీత సొసైటీ తాళ్ళుంటే అంతకంటే ఏం కావాలి. అలాంటి చోట నెట్టు కొసకి ఎదురుగా, పడమటి ఎండ వీపుకి తగిలేలా కూర్చోండి. సర్వీసు లైను వెనక కూర్చుంటే బంతి తగిలేది మీకే.

ఎప్పుడు ఆపాలి

ఈ నియమం అమెరికా బేస్‌బాల్ నుంచి ధైర్యంగా అరువు తెచ్చుకోవచ్చు. అక్కడ స్టేడియంలోనే బీరు అమ్ముతారు. ఆటకి తొమ్మిది ఇన్నింగ్సులైతే చాలా స్టేడియాల్లో ఏడో ఇన్నింగ్సుతో బీరు అమ్మకం ఆపేసే ఆనవాయితీ ఉంది. జనం ఇళ్ళకి బండ్లు తోలుకునేలోపు మత్తు కాస్త దిగాలని. 2023లో పిచ్ క్లాక్ (బంతి ఇన్ని సెకన్లలో విసరాలని లెక్కపెట్టే గడియారం) పెట్టాక ఆట అరగంట దాకా తగ్గింది. అప్పుడు కొన్ని జట్లు అమ్మకం ఎనిమిదో ఇన్నింగ్సు దాకా పొడిగించాయి. దానికి అప్పట్లో ఫిలడెల్ఫియా జట్టు పిచర్ (బంతి విసిరే ఆటగాడు) మాట్ స్ట్రామ్ అభ్యంతరం చెప్పాడు. ఆట తొందరగా అయిపోతుంటే అమ్మకం ఆరో ఇన్నింగ్సుకే ఆపాలి గానీ, పెంచడమేమిటని. ఆయన లెక్కే సరైనది.

మన వాలీబాల్‌కి దీన్ని ఇలా మార్చుకోండి. ఫైనల్ మొదలైతే రెండో సెట్టుతో కల్లు బంద్. మిగతా ఆటంతా మంచినీళ్ళూ గుగ్గిళ్ళూ. అయిదు సెట్లూ సాగితే గంట పైనే దొరుకుతుంది. మూడు సెట్లకే అయిపోతే బహుమతుల పంపకం ఉండనే ఉంది, పెద్దల ఉపన్యాసాలు మనకి అక్కరకొచ్చే సందర్భం అదొక్కటే.

అయినా బండి తోలొద్దు. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాలు దాటితే నేరం. మొదటిసారికి పదివేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ముప్పావు లీటరు కల్లు తొందరగా తాగితే ఆ గీత దాటించడానికి చాలు. జాతీయ రహదారి దాటాల్సిన ఊళ్ళవాళ్ళు తిరుగు ఆటో పొద్దున్నే మాట్లాడుకోండి. డ్రైవరుకి డొప్ప ఇవ్వకండి, ఎంత అడిగినా.

ఎవరు తాగకూడదు

గర్భిణులు, షుగరు మందు వాడేవాళ్ళు, కాలేయం జబ్బున్నవాళ్ళు, నిద్రమాత్రలు వేసుకునేవాళ్ళు. మెట్రోనిడజోల్ కోర్సులో ఉన్నవాళ్ళు కూడా, వాంతులూ గుండెదడా రావచ్చు. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, పలాస, మందస వైపు కిడ్నీ జబ్బు ఎంత ఉందో అందరికీ తెలుసు. రక్తపరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు తెలిపే లెక్క) పెరిగిందని తేలినవాళ్ళు డాక్టరు మాట లేకుండా ముట్టొద్దు. ఎండలో కల్లు తాగి, తలనొప్పికి నొప్పి మాత్ర వేసుకోవడం కిడ్నీకి మరీ చెరుపు. వీళ్ళెవరైనా జట్టులో ఉంటే వాళ్ళకి మంచినీళ్ళే మేలు.

మిగిలితే

తాగలేక మిగిలినదాన్ని ‘పారబొయ్యడమెందుకు’ అని గటగటా కానివ్వకండి. గాజు జాడీలో పోసి, మూతికి పల్చటి గుడ్డ కట్టి నీడలో పెట్టండి. మూత బిగించకూడదు. పులుపు చేసే బాక్టీరియాకి గాలి కావాలి. మూడు నాలుగు వారాల్లో వెనిగర్ అవుతుంది. పైన తెల్లటి మందపాటి తెట్టు కడితే అది వెనిగర్ తల్లి, మంచిదే. పచ్చ, నలుపు, గులాబీ రంగు బూజు కనిపిస్తే జాడీ మొత్తం పారబోయండి, పైది తీసేసి వాడొద్దు. తయారయ్యాక వడకట్టి ఒక పొంగు రానిచ్చి సీసాకెత్తండి. కిలో చేపముక్కలకి రెండు చెంచాలు పట్టించి పావుగంట ఉంచి కడిగితే నీచువాసన తగ్గుతుంది, రొయ్యలకైతే పది నిమిషాలు మించనివ్వకండి, గట్టిపడిపోతాయి.